నైసర్గిక ఆవాసంలో స్థానిక తుమ్మలు, అడవి పూల గుర్తింపు – ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

పరిచయం

తెలుగు రాష్ట్రాల్లో వృక్షశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఆస్ట్రేలియా తుమ్మ పేరు పరిచయమే. పత్రవృంతం వెడల్పుగా విస్తరించి, ఆకుపచ్చగా మారి, పత్రం చేయవలసిన కిరణజన్య సంయోగక్రియను తానే నిర్వహించే రూపాంతరాన్ని ప్రభాసనం అంటారని ఇంటర్మీడియట్ పాఠం చెబుతుంది. అందుకు ఇచ్చే ఉదాహరణ ఆస్ట్రేలియా తుమ్మ. ఆ ఒక్క ఉదాహరణ వెనుక వెయ్యికి పైగా జాతులున్నాయి. ఆస్ట్రేలియా పుష్పించే మొక్కల్లో అత్యధిక జాతులు గల ప్రజాతి అకేసియాయే. ఆ దేశంలో వీటిని వాటిల్ అని పిలుస్తారు. వీటిలో ఒకటైన అకేసియా పిక్నాంథా 1988 సెప్టెంబరు 1న ఆ దేశపు అధికారిక పుష్ప చిహ్నమయింది.

ఇన్ని జాతుల్లో ఒకదానిని మరొకదాని నుండి వేరుచేయడం పుస్తక జ్ఞానానికి మాత్రమే సంబంధించిన పని అనిపించవచ్చు. సిడ్నీ నగరానికి పడమట ఉన్న మైదానంలో దాని ప్రయోజనం ప్రత్యక్షంగా కనిపిస్తుంది. అక్కడ రహదారుల పక్కన, రైలు మార్గాల వెంట మిగిలిన చిన్నచిన్న అడవి తునకల్లో అకేసియా పబెసెన్స్ అనే నూగు తుమ్మ పెరుగుతుంది. ఆపదలో ఉన్న జాతిగా చట్టరక్షణ పొందిన పొద ఇది. దాని పక్కనే, దాదాపు అదే ఆకుతో, అదే పసుపు పూలతో సర్వసాధారణమైన వేరొక తుమ్మ, ఇంకొంత దూరంలో వేరే ప్రాంతం నుండి వచ్చి కలుపుగా మారిన మరొక తుమ్మ ఉండవచ్చు. గడ్డి కోసే యంత్రం ఏ పొద దగ్గర ఆగాలి, కలుపు తొలగించే బృందం దేనిని పీకాలి, పునరుద్ధరణకు విత్తనం దేని నుండి సేకరించాలి అన్న మూడు నిర్ణయాలూ గుర్తింపుపైనే ఆధారపడి ఉన్నాయి. ఒక్క పొరపాటుతో రక్షించవలసినది నశించి, తొలగించవలసినది నిలిచిపోతుంది.

మొక్క ఆకారంతోపాటు అది నిలిచిన నేలను, పూచిన కాలాన్ని, చుట్టూ ఉన్న సహచర మొక్కలను కలిపి చూసినప్పుడే గుర్తింపు పూర్తవుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం. అందుకు సిడ్నీ పరిసరాలను ఉదాహరణగా స్వీకరించడమైనది.

పేరు వెనుక చరిత్ర

వాటిల్ అన్న మాట మొదట మొక్క పేరు కాదు. సన్నని కొమ్మలను తడికగా అల్లి, దానిపై మట్టి మెత్తి గోడ కట్టే పద్ధతిలో ఆ తడికకు ఆంగ్లేయులు పెట్టుకున్న పేరది. తెలుగు పల్లెల్లో తడికకు మట్టి పూసి కట్టిన గోడలు చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. సిడ్నీలో తొలి వలసవాసులు ఇళ్లు కట్టుకొన్నప్పుడు ఈ పనికి వాడిన మొక్కల్లో కాలికోమా సెరాటిఫోలియా ఒకటి. దానిని వారు నల్ల వాటిల్ అన్నారు. నిజానికి అది తుమ్మ కాదు, కునోనియేసీ అనే వేరొక కుటుంబానికి చెందినది. కాలక్రమంలో వాటిల్ అన్న పేరు అకేసియాలకు స్థిరపడింది. జనవ్యవహార నామం ఆధారంగా జాతిని నిర్ణయించడం ఎంత ప్రమాదమో ఈ ప్రజాతి పేరే తెలియజేస్తున్నది. సర్కారు తుమ్మ అని తెలుగువారు పిలిచే ప్రోసోపిస్ జూలిఫ్లోరా కూడా వృక్షశాస్త్ర రీత్యా తుమ్మ కాదన్న విషయం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

శాస్త్రీయ నామంలోనూ ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. పూర్వం భారతదేశపు నల్లతుమ్మ, తెల్లతుమ్మ, చండ్ర, ఆస్ట్రేలియా తుమ్మలు అన్నీ అకేసియా అనే ఒకే ప్రజాతి కింద ఉండేవి. వాటి మధ్య సంబంధం అంత దగ్గరది కాదని పరిశోధనలు తేల్చడంతో ప్రజాతిని విభజించవలసి వచ్చింది. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ అకేసియా అన్న పేరును ఆస్ట్రేలియా సమూహానికి నిలిపే నిర్ణయాన్ని ఆమోదించింది. 2011లో మెల్‌బోర్న్ మహాసభ దానిని ధ్రువపరచింది. ఫలితంగా నల్లతుమ్మ వాచెల్లియా నిలోటికా అయింది, తెల్లతుమ్మ వాచెల్లియా ల్యూకోఫ్లోయియా అయింది, చండ్ర సెనెగాలియా ప్రజాతిలో చేరింది. పాత పుస్తకాల్లోని పేర్లకూ కొత్త జాబితాల్లోని పేర్లకూ తేడా కనిపించినప్పుడు విద్యార్థులు ఈ మార్పును దృష్టిలో ఉంచుకోవాలి.

క్షేత్రంలో కూడా ఈ తేడా కొంత కంటికి కనిపిస్తుంది. నల్లతుమ్మలో పత్రపుచ్ఛాలు పొడవైన ముళ్లుగా మారుతాయి. ఆస్ట్రేలియా అకేసియాల్లో అత్యధిక జాతులకు ముళ్లు ఉండవు.

రెండు నేలలు, రెండు వృక్షసముదాయాలు

సిడ్నీ పరిసరాల్లో గుర్తింపు ఆరంభించవలసినది నేల నుండి. తీరం వెంబడి, నగరానికి ఉత్తర దక్షిణాల్లో హాక్స్‌బరీ ఇసుకరాయి పీఠభూములున్నాయి. 1879లో ఏర్పడిన రాయల్ నేషనల్ పార్కు, 1894లో ఏర్పడిన కురింగై చేజ్ నేషనల్ పార్కు ప్రధానంగా ఈ ఇసుకరాయిపైనే ఉన్నాయి. ఇక్కడి మన్ను పలుచనిది, ఇసుకతో కూడినది. నీరు త్వరగా ఇంకిపోతుంది. భాస్వరం అతి తక్కువ. సాగుకు పనికిరాని ఈ నేలపైనే అడవి పూల వైవిధ్యం అత్యధికంగా ఉండటం గమనార్హం.

నగరానికి పడమట కంబర్లాండ్ మైదానం ఉంది. ఇక్కడ ఇసుకరాయిపై వియనమట్టా సమూహానికి చెందిన షేల్ పొరలున్నాయి. అవి శిథిలమై బంకమట్టి నేలలు ఏర్పడ్డాయి. ఇవి సాపేక్షంగా సారవంతమైనవి. అందువల్లనే వలసకాలం నుండి ఇవి మొదట సాగుకు, తరువాత నగర విస్తరణకు వినియోగమయ్యాయి. కంబర్లాండ్ మైదానపు సహజ అడవి నేడు అత్యంత ఆపదలో ఉన్న వృక్షసముదాయంగా గుర్తింపు పొందింది. సారం లేని నేల అడవిని కాపాడింది, సారవంతమైన నేల అడవిని కోల్పోయింది.

రెండు నేలలు కలిసే సరిహద్దులో రెండు సముదాయాల మొక్కలూ కనిపిస్తాయి. పరిశీలకుడు తాను ఏ నేలపై నిలిచి ఉన్నాడో ముందుగా నిర్ణయించుకుంటే పరిశీలించవలసిన జాతుల జాబితా చాలావరకు తగ్గిపోతుంది.

తుమ్మను పరిశీలించే క్రమం

పూలను చూసి తుమ్మ అని గుర్తించడం సులభం. పూలను మాత్రమే చూసి ఏ తుమ్మ అని చెప్పడం కష్టం. కింది అంశాలను వరుసగా పరిశీలించాలి.

1. ఆకు స్వభావం: ఎదిగిన మొక్కలో ద్విపిచ్ఛాకార సంయుక్త పత్రాలున్నాయా, ప్రభాసనాలున్నాయా అన్నది మొదటి ప్రశ్న. ప్రభాసనాలు గల జాతుల్లో కూడా నారు దశలో తొలి ఆకులు సంయుక్త పత్రాలే. కొన్ని రోజుల తరువాత పత్రవృంతం వెడల్పై, కొన వద్ద మాత్రం చిన్న పత్రకాలు మిగిలిన మధ్యస్థ రూపాలు కనిపిస్తాయి. అందువల్ల నారుమొక్కను చూసి జాతిని నిర్ణయించరాదు.

2. ప్రభాసనం వివరాలు: పొడవు, వెడల్పు, ప్రధాన ఈనెల సంఖ్య, అంచు మందం, కొన ఆకారం. ఒకే ప్రధాన ఈనె ఉండటం, సమాంతరంగా పలు ఈనెలు ఉండటం అన్న తేడా జాతుల సమూహాలను వేరుచేస్తుంది.

3. గ్రంథులు: ప్రభాసనం పై అంచున, లేదా సంయుక్త పత్రపు విన్యాసాక్షంపై చిన్న గ్రంథులుంటాయి. వాటి సంఖ్య, స్థానం ప్రధాన లక్షణాలు. తుమ్మ పూలలో మకరందం ఉండదు, కొన్ని జాతుల్లో ఈ గ్రంథులే మకరందాన్ని స్రవించి పక్షులను, కీటకాలను ఆకర్షిస్తాయి. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం ఈ పరిశీలనకు చాలు.

4. లేత కొమ్మ: గుండ్రంగా ఉందా, కోణాలతో ఉందా, అంచులు రెక్కల్లా లేచి ఉన్నాయా, నూగు ఉందా, ఉంటే అది కొమ్మకు అంటుకొని ఉందా, నిక్కపొడుచుకొని ఉందా అన్నది చూడాలి.

5. పుష్పవిన్యాసం: గుండ్రని శీర్షాలా, పొడవైన కంకులా? శీర్షాలు పత్రగ్రీవంలో ఒంటరిగా ఉన్నాయా, గుత్తులుగా ఉన్నాయా? రంగు గాఢమైన పసుపా, మీగడ రంగా? మనం చూసే ఒక్కొక్క పసుపు బంతి అనేక చిన్న పూల సముదాయం. ఆ రంగు ప్రధానంగా అసంఖ్యాకమైన కేసరాలది.

6. కాయ, గింజ: కాయ వంకర, గింజల మధ్య నొక్కు, గింజకు అంటుకొని ఉండే బీజవృంతపు కండగల భాగం. ఆ కండగల భాగం కోసమే అనేక జాతుల గింజలను చీమలు మోసుకుపోయి నేలలో దాస్తాయి. గింజ పొట్టు గట్టిది. కార్చిచ్చు వేడికి ఆ పొట్టు సడలి మొలకెత్తుతుంది. నర్సరీలో తుమ్మ గింజలను వేడినీటిలో వేసి విత్తే పద్ధతికి ప్రకృతిలోని ప్రతిరూపమిది. ఈ కారణంగా మంటకు గురైన ప్రాంతంలో మరుసటి ఏడాది తుమ్మ నారు ఎక్కువగా కనిపిస్తుంది.

ఇసుకరాయిపై కనిపించే తుమ్మలు

దక్షిణార్ధగోళంలో జూన్ నుండి ఆగస్టు వరకు శీతకాలం, సెప్టెంబరు నుండి నవంబరు వరకు వసంతకాలం. ఇసుకరాయి తుమ్మల్లో కొన్ని శీతకాలం రాకముందే పూత ఆరంభిస్తాయి.

అకేసియా సువావియోలెన్స్ ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు పూస్తుంది. దీని లేత కొమ్మలు కోణాలతో ఉంటాయి. ప్రభాసనాలు సన్నగా, పొడవుగా, కొంచెం నీలిఛాయతో, ఒకే ప్రధాన ఈనెతో ఉంటాయి. మొగ్గ దశలో పూగుత్తిని ఒకదానిపై ఒకటి కప్పుకొన్న పుచ్ఛాలు మూసి ఉంచుతాయి. ఈ లక్షణం పూత లేని రోజుల్లో కూడా గుర్తింపుకు తోడ్పడుతుంది. పూలు లేత మీగడ రంగులో, సువాసనతో ఉంటాయి.

అకేసియా టెర్మినాలిస్ ఇసుకరాయిపై పెరిగే ద్విపిచ్ఛాకార తుమ్మ. ఇదీ శరత్కాలం నుండి శీతకాలం వరకు పూస్తుంది. పత్రవృంతంపై స్పష్టమైన గ్రంథి ఉంటుంది. మకరందం కోసం పక్షులు ఆ గ్రంథి వద్దకు వస్తాయి.

అకేసియా మిర్టిఫోలియా ఎర్రని కొమ్మలు, మందమైన అంచులు గల ప్రభాసనాలతో సులభంగా తెలుస్తుంది. దీని ఒక్కొక్క శీర్షంలో పూల సంఖ్య చాలా తక్కువ. అకేసియా యూలిసిఫోలియా ప్రభాసనాలు సూదుల వలె గుచ్చుకుంటాయి. శీర్షాలు ఒంటరిగా, మీగడ రంగులో ఉంటాయి.

అకేసియా లాంజిఫోలియా పూలు బంతులు కావు, కంకులు. ప్రభాసనాలపై ఒకటికి మించిన ప్రధాన ఈనెలు సమాంతరంగా నడుస్తాయి. తీరపు ఇసుక తిన్నెలపై నేలను అంటి వ్యాపించే దీని ఉపజాతి సొఫోరే ఉంది. ఒకే జాతిలో ఆవాసాన్ని బట్టి రూపం ఎంత మారుతుందో ఈ రెండింటినీ పోల్చి తెలుసుకోవచ్చు.

షేల్ మైదానపు తుమ్మలు

కంబర్లాండ్ మైదానంలో సమస్య జటిలమవుతుంది. ఇక్కడ ద్విపిచ్ఛాకార పత్రాలు, పసుపు బంతులు గల తుమ్మలు పక్కపక్కనే ఉంటాయి. దూరం నుండి అన్నీ ఒకటే. క్షేత్రంలో ఉపయోగపడే ముఖ్య భేదాలు పట్టిక 1లో ఉన్నాయి.

పట్టిక 1. ద్విపిచ్ఛాకార పత్రాలు గల కొన్ని తుమ్మల భేదాలు

| జాతి | లేత కొమ్మ, ఆకు | సాధారణ పూత కాలం | నైసర్గిక ఆవాసం |
|---|---|---|---|
| అకేసియా పబెసెన్స్ | కొమ్మపై, ఆకు కాడపై నిక్కపొడుచుకొన్న నూగు | ఆగస్టు – అక్టోబరు | పడమటి సిడ్నీ షేల్, ఒండ్రు, గులక నేలలు |
| అకేసియా డెకరెన్స్ | కొమ్మపై రెక్కల వంటి అంచులు; పత్రకాలు సన్నగా, పొడవుగా, ఎడంగా | జూలై – సెప్టెంబరు | షేల్ నేలల అడవులు |
| అకేసియా పరమాటెన్సిస్ | అంచులు తక్కువ ఎత్తు. పత్రకాలు చిన్నవి | నవంబరు – ఫిబ్రవరి | సిడ్నీ పరిసరాల అడవులు |
| అకేసియా మియర్న్సై | మెత్తని సన్నని నూగు. పత్రకాలు అతిచిన్నవి, దట్టం. విన్యాసాక్షంపై అనేక గ్రంథులు | అక్టోబరు – డిసెంబరు | ఆగ్నేయ ఆస్ట్రేలియా |
| అకేసియా బైలియానా | వెండిబూడిద రంగు ఆకు. పిచ్ఛాల జతలు తక్కువ | శీతకాలం – వసంతారంభం | కూటముండ్రా, టెమోరా ప్రాంతం |

ఆగస్టులో పూచిన ఒక పొదను పరిశీలిస్తున్నామని అనుకుందాం. పూత కాలాన్ని బట్టి పరమాటెన్సిస్, మియర్న్సై జాతులు దాదాపు తొలగిపోతాయి. ఆకు వెండిబూడిద రంగులో లేకపోతే బైలియానాకు అవకాశం తక్కువ. మిగిలినవి పబెసెన్స్, డెకరెన్స్. భూతద్దంతో లేత కొమ్మను చూసినప్పుడు రెక్కల వంటి అంచులుండి, నూగు లేకపోతే అది డెకరెన్స్. అంచులు అంతగా లేక, కొమ్మ నిండా తెల్లని వెంట్రుకలు నిక్కపొడుచుకొని ఉంటే అది పబెసెన్స్ అయ్యే అవకాశం బలపడుతుంది. అప్పుడు నేలను చూడాలి. షేల్ నేల, ఇనుపరాయి గులకలు, దగ్గరలో అవే పొదల గుంపు కనిపిస్తే నిర్ధారణకు మరింత బలం చేకూరుతుంది.

పబెసెన్స్ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఈ పొద వేరు పిలకల ద్వారా వ్యాపిస్తుంది. ఒకే చోట యాభై కాండాలు కనిపించినా అవన్నీ ఒకే మొక్క వేరు నుండి లేచినవి కావచ్చు. కనుక కాండాల లెక్కను మొక్కల లెక్కగా నమోదు చేస్తే జన్యువైవిధ్యం ఉన్నదానికన్నా ఎక్కువగా ఉందన్న భ్రమ కలుగుతుంది. పిలకలు గడ్డి ఎత్తులోనే ఉన్నప్పుడు కోత యంత్రం వాటిని గడ్డితోపాటు కోసివేస్తుంది. పూత లేని నెలల్లో కూడా నూగును చూసి గుర్తించగల నైపుణ్యం క్షేత్ర సిబ్బందికి అవసరం కావడానికి ఇదే కారణం.

తుమ్మను పోలినవి, తుమ్మతోపాటు పూచేవి

ఇసుకరాయి లోయల్లో వాగుల వెంట కాలికోమా సెరాటిఫోలియా మీగడ రంగు బంతులతో పూస్తుంది. పూలను మాత్రమే చూసినవారు దీనిని తుమ్మ అనుకుంటారు. దీని ఆకులు సరళపత్రాలు, అభిముఖంగా ఉంటాయి, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. తుమ్మ ప్రభాసనాలు సాధారణంగా ఏకాంతరంగా, పళ్లు లేని అంచులతో ఉంటాయి. ఆకులు కణుపు వద్ద ఎలా అమరి ఉన్నాయో చూస్తే చాలు, సందేహం తీరుతుంది.

పారాసెరియాంథస్ లోఫాంథా మరొక ఉదాహరణ. ద్విపిచ్ఛాకార పత్రాలు, ఆకుపచ్చ ఛాయగల పసుపు కంకులు ఉండటంతో ఇది తుమ్మలాగే కనిపిస్తుంది. దీని కేసరాలు అడుగున కలిసి గొట్టంగా ఏర్పడతాయి, తెలుగువారికి పరిచితమైన దిరిసెనలో వలె. తుమ్మ కేసరాలు విడివిడిగా ఉంటాయి. ఈ మొక్క పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి భాగానికి స్థానికం. సిడ్నీ పరిసరాల్లో అది కలుపు.

తుమ్మల మధ్య పూచే ఇతర అడవి పూలను కుటుంబ లక్షణాల ఆధారంగా గుర్తించడం సులభమైన మార్గం.

చిక్కుడు కుటుంబం: పల్టెనియా, డిల్వీనియా, డేవిసియా ప్రజాతుల పొదలు వసంతంలో పసుపు, ఎరుపు కలిసిన పూలు పూస్తాయి. కంది పూవులో వలె ధ్వజం, రెండు బాహువులు, ద్రోణి స్పష్టంగా ఉంటాయి. కంది, మినుములలో పది కేసరాల్లో తొమ్మిది కలిసి ఉండగా, ఈ పొదల్లో పదీ విడివిడిగా ఉంటాయి. ఈ ప్రజాతులను పరస్పరం వేరుచేయడానికి పత్రపుచ్ఛాలు, ఆకు ఆకారం, రక్షక పత్రాల కింద ఉండే చిన్న పుచ్ఛకాలు చూడాలి.

నిమ్మ కుటుంబం: బొరోనియా, ఎరియోస్టెమాన్ రెండూ గులాబి రంగు పూలతో ఇసుకరాయిపై కలిసే కనిపిస్తాయి. ఆకు నలిపితే సువాసన వస్తుంది. బొరోనియాకు నాలుగు ఆకర్షణ పత్రాలు, అభిముఖ పత్రాలు. ఎరియోస్టెమాన్‌కు అయిదు ఆకర్షణ పత్రాలు, ఏకాంతర పత్రాలు.

కొత్తిమీర కుటుంబం: ఆక్టినోటస్ హీలియాంథి తెల్లని మెత్తని రేకులతో చేమంతిలా కనిపిస్తుంది. ఆ రేకులు నిజానికి నూగుతో నిండిన పుచ్ఛాలు. మధ్యలో ఉన్న బొడ్డు అనేక చిన్న పూల గుచ్ఛం. పూవు ఆకారాన్ని చూసి చేమంతి కుటుంబమని రాసుకొనే విద్యార్థులకు ఇది మంచి పాఠం.

ప్రోటియేసీ కుటుంబం: బ్యాంక్సియా, గ్రెవిలియా, వారాటా ఈ కుటుంబానివి. బ్యాంక్సియా ప్రజాతి పేరు 1770లో బోటనీ బేలో మొక్కలు సేకరించిన జోసెఫ్ బ్యాంక్స్ స్మరణార్థం ఏర్పడింది. నాలుగు భాగాల పరిపత్రం, దాని నుండి పొడవుగా బయటకు వచ్చిన కీలం వీటి గుర్తులు. ఈ కుటుంబపు మొక్కలు గుత్తులుగా పెరిగే ప్రత్యేకమైన సన్నని వేళ్లతో భాస్వరం అతి తక్కువగా ఉన్న నేల నుండి కూడా దానిని గ్రహించగలవు. భాస్వరపు ఎరువు అధికంగా వేస్తే ఇవి దెబ్బతింటాయి. తోటలు, పొలాల నుండి ఎరువు కలిసిన నీరు అడవిలోకి పారిన చోట ఈ మొక్కలు తగ్గి కలుపు పెరగడం చూస్తే, సహచర మొక్కలు నేల స్థితికి సాక్ష్యాలన్న విషయం అర్థమవుతుంది.

స్థానికమన్న మాటకు హద్దు

కూటముండ్రా తుమ్మగా పేరుపొందిన అకేసియా బైలియానా అందమైన వెండిబూడిద రంగు ఆకులతో, శీతకాలంలోనే కొమ్మ కనిపించనంతగా పూస్తుంది. ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ 1888లో దీనికి క్వీన్స్‌లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు బెయిలీ పేరు పెట్టాడు. న్యూ సౌత్ వేల్స్ దక్షిణ భాగంలో కూటముండ్రా, టెమోరా పరిసరాల్లోని చిన్న ప్రాంతమే దీని సహజ నివాసం. అలంకరణ కోసం దేశమంతటా నాటడంతో అనేక ప్రాంతాల్లో అడవిలోకి వ్యాపించి కలుపుగా మారింది. ఇతర ద్విపిచ్ఛాకార తుమ్మలతో సంకరం చెందే గుణం కూడా దీనికి ఉంది. అరుదైన జాతి పక్కన ఇది పెరిగితే ఆ జాతి స్థలంతోపాటు జన్యుస్వచ్ఛతను కూడా కోల్పోయే ప్రమాదం ఉంది. రెండు జాతుల లక్షణాలు కలిసిన పొద కనిపించినప్పుడు దానిని ఏదో ఒక పేరుతో సరిపెట్టక, సంకరం కావచ్చునని నమోదు చేయడం సరైన పద్ధతి.

ఆస్ట్రేలియా జాతి అయినంత మాత్రాన అది ఆస్ట్రేలియాలో ప్రతి చోటా స్థానికం కాదు. దేశపు సరిహద్దు స్థానికతకు కొలమానం కాజాలదు. మొక్క సహజంగా పెరిగే నేల, వాన, సహచర మొక్కలు గల ప్రదేశమే కొలమానం.

ఈ సూత్రం దక్షిణ భారతంలోనూ వర్తిస్తుంది. పట్టికలోని అకేసియా మియర్న్సై 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, తోళ్లను పదును చేయడానికి పనికివచ్చే బెరడు కోసం నీలగిరులకు చేరింది. నేడు అది అక్కడి షోలా పచ్చికబయళ్లను ఆక్రమించిన మొక్కల్లో ఒకటి. ఆగ్నేయ ఆస్ట్రేలియా అడవుల్లో సాధారణ సభ్యురాలైన చెట్టు, గడ్డి మాత్రమే ఉండవలసిన కొండలపై సమస్యగా మారింది. తెలుగు ప్రాంతాల్లో రహదారుల పక్కన, సామాజిక వనాల్లో నాటిన అకేసియా ఆరిక్యులిఫార్మిస్ కూడా ఉత్తర ఆస్ట్రేలియా, పపువా న్యూగినీ, ఇండోనేసియాలకు స్థానికమైన జాతి. ప్రభాసనాన్ని ప్రత్యక్షంగా చూడాలనుకొనే విద్యార్థికి అది చేతికందే దూరంలోనే ఉంది. దాని నారును వరుసగా పరిశీలిస్తే సంయుక్త పత్రం నుండి ప్రభాసనానికి జరిగే మార్పు దశలవారీగా కనిపిస్తుంది.

క్షేత్ర పరిశీలనలో పాటించవలసిన నియమాలు

- నమోదు పుస్తకంలో మొదట ప్రదేశం, తేదీ, నేల రకం, వాలు దిశ, నీటి వసతి రాయాలి. మొక్క పేరు చివర రాయాలి.
- ఛాయాచిత్రాలు కనీసం అయిదు తీయాలి: మొక్క మొత్తం, లేత కొమ్మ, ఆకు రెండు వైపులా, గ్రంథి దగ్గరగా, పుష్పవిన్యాసం. కాయలుంటే అవి కూడా. పక్కన కొలబద్ద ఉంచాలి.
- నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా మొక్కలను, పూలను, గింజలను సేకరించరాదు. ఆపదలో ఉన్న జాతి కనిపించినప్పుడు కొమ్మ తుంచక, స్థలాన్ని సంబంధిత అధికారులకు తెలియజేయాలి. ఆ స్థలపు కచ్చితమైన వివరాలను బహిరంగంగా ప్రకటించరాదు.
- పాదరక్షలు, పనిముట్లు శుభ్రం చేసిన తరువాతనే ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి వెళ్లాలి. వేరుకుళ్లు కలిగించే ఫైటోఫ్తోరా సిన్నమోమి మట్టితోపాటు వ్యాపిస్తుంది. ప్రోటియేసీ మొక్కల్లో అనేక జాతులు దీనికి లోనవుతాయి.
- ఒక్కసారి చూసి నిర్ణయించరాదు. అదే మొక్కను పూతలో, కాయలో, కొత్త చిగురులో మళ్లీ చూడాలి.
- సందేహం ఉన్నప్పుడు ప్రజాతి వరకే రాసి ఆపడం తప్పు కాదు. తప్పుడు జాతి పేరు నమోదైతే దాని ఆధారంగా తరువాత తీసుకొనే నిర్ణయాలన్నీ దెబ్బతింటాయి.

ముగింపు

తుమ్మల గుర్తింపులో ఆకు, గ్రంథి, నూగు, పుష్పవిన్యాసం, కాయ ఒక్కొక్కటి ఒక్కొక్క ఆధారం. ఇసుకరాయా, షేలా, ఏ నెల, పక్కన ఏ మొక్కలు అన్నవి వాటితో సమానమైన ఆధారాలు. హెర్బేరియం పత్రంపై అతికించిన కొమ్మ మొదటి రకం ఆధారాలను మాత్రమే నిలుపుకొంటుంది. రెండవ రకం ఆధారాలు పరిశీలకుడు క్షేత్రంలో రాసుకొన్న నాలుగు మాటల్లోనే మిగులుతాయి. ఆ మాటలు రాయకపోతే నమూనా విలువ సగం పోయినట్లే.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఇదే పద్ధతిని తమ ప్రాంతాలకు అన్వయించుకోవచ్చు. నల్లతుమ్మ చెరువు కింది నల్లరేగడిలో, తెల్లతుమ్మ మెట్ట నేలల్లో, చండ్ర రాతిగుట్టల అడవుల్లో ఏ మొక్కలతో కలిసి పెరుగుతున్నాయో, ఏ నెలలో పూస్తున్నాయో ఒక సంవత్సరం పాటు నమోదు చేస్తే, ఏ నేలలో ఏ స్థానిక జాతిని నాటాలో చెప్పడానికి అదే ఆధారమవుతుంది. సిడ్నీ పరిసరాల్లో కొమ్మపై ఉన్న సన్నని నూగు ఒక జాతి మనుగడను నిర్ణయిస్తున్నది. అటువంటి సూక్ష్మ లక్షణాలను గమనించే అలవాటు విద్యార్థి దశలోనే ఏర్పడటం అవసరం.